అమ్మానాన్నకి జేఆర్ పాస్ కొనాలా? జపాన్‌లో ఉంటున్న నాకు ఏ టికెట్ మేలు?

తోజాయ్_లైన్_వాసి అడిగారు:

అందరికీ నమస్కారం అండి. టోక్యో వచ్చి ఏడు నెలలైంది, ఇంజినీర్ వీసా, నిషి-కసాయ్‌లో ఉంటున్నా, ఆఫీసు ఓతెమాచిలో. ఏప్రిల్ మొదట్లో అమ్మానాన్న వస్తున్నారు, రెండు నెలలుంటారు. వాళ్ళిద్దరికీ ఇదే మొదటి విమానం, మొదటి విదేశం.

వాళ్ళని క్యోటో, హిరోషిమా తీసుకెళ్దామని నా ఆలోచన. క్యోటోలో రెండు రాత్రులు, హిరోషిమాలో ఒకటి, అట్నుంచి నేరుగా టోక్యో. మా నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు, ప్రతి సంవత్సరం రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద హిరోషిమా, 1945 ఆగస్టు 6 అని రాసి అక్కడ ఒక్క నిమిషం ఆగేవారు, నేనూ ఆ క్లాసులోనే కూర్చున్నా కాబట్టి ఆ నిమిషం నాకింకా గుర్తుంది. అందుకే మిగతావి ఎన్ని తగ్గించుకున్నా హిరోషిమా మాత్రం వదలను.

ఇప్పుడు అసలు సంగతి. వీడియోల్లో అందరూ జేఆర్ పాస్ (దేశమంతా జేఆర్ రైళ్ళెక్కడానికి టూరిస్టులకిచ్చే పాస్) కొనండి, కళ్ళు మూసుకుని కొనండి అంటున్నారు. ఏడు రోజులది మనిషికి 50,000 యెన్ ఉంది. ముగ్గురికి లక్షన్నర. ఆఫీసులో ఒకాయన ఏమో నీకు జైర్యూ కార్డ్ (ఇక్కడ నివాసముండే విదేశీయులకిచ్చే కార్డు) ఉంది కదా నీకివ్వరు అన్నారు. నాది ఇండియన్ పాస్‌పోర్టే కదా, మరి విదేశీయుడినే కదా, ఎందుకివ్వరు? ఒకవేళ నిజంగా ఇవ్వకపోతే వాళ్ళిద్దరికీ పాస్ కొని నేను మామూలు టికెట్ తీసుకోవాలా? అలా చేస్తే ఒకే బండిలో పక్కపక్కన కూర్చోగలమా?

ఇంకో చిన్న ప్రశ్న, ఆఫీసుకి ప్రతి నెలా నెల పాసే తీసుకుంటున్నా, ఆరు నెలలది తీసుకోమని హెచ్ఆర్ వాళ్ళంటున్నారు. మధ్యలో ఇల్లు మారితే డబ్బులు పోతాయేమోనని ఆగాను. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

---

గోదారి_గట్టు రాశారు:

తమ్ముడూ, మీ ఆఫీసాయన చెప్పింది నిజమే. జేఆర్ పాస్‌కి పాస్‌పోర్ట్ ఏ దేశానిది అన్నది కాదు లెక్క, ఏ హోదా మీద దేశంలోకి వచ్చారన్నది లెక్క. ఎయిర్‌పోర్ట్‌లో ఇమ్మిగ్రేషన్ వాళ్ళు పాస్‌పోర్ట్‌లో చిన్న స్టిక్కర్ అంటిస్తారు, దాని మీద టెంపరరీ విజిటర్ అని ఉంటుంది, అది ఉన్నవాళ్ళకే పాస్. ఉద్యోగం వీసా, స్టూడెంట్ వీసా, భార్యాభర్తలకిచ్చే డిపెండెంట్ వీసా, వీటిలో దేనికీ రాదు. అంటే మీ అమ్మానాన్నకి వస్తుంది, మీకు రాదు. నేను వచ్చిన కొత్తలో మా ఆయనకి లేకపోయినా నాకు దొరుకుతుందేమోనని కౌంటర్ దాకా వెళ్ళి అడిగొచ్చా, నాదీ డిపెండెంటే, ఇవ్వలేదు.

కానీ వాళ్ళకి వస్తుంది కదా అని కొనేయకండి. ముందు కాగితం తీసుకుని టికెట్లు విడివిడిగా కొంటే ఎంతవుతుందో రాయండి. మామూలు సీజన్‌లో నొజొమి (ఈ దారిలో అన్నిటికన్నా వేగంగా వెళ్ళే బుల్లెట్ రైలు) రిజర్వ్‌డ్ సీటు టోక్యో నుంచి క్యోటో 14,170. క్యోటో నుంచి హిరోషిమా పదకొండున్నర వేలు అటూ ఇటూ. హిరోషిమా నుంచి టోక్యో 19,760. మొత్తం కలిపితే నలభై ఐదు వేల చిల్లర. పాస్ 50,000. రద్దీ రోజుల్లో టికెట్‌కి కొన్ని వందలు పెరిగినా కూడా పాస్ దాకా రాదు. అంటే మీ ప్రయాణానికి పాస్ కొంటే మనిషికి నాలుగైదు వేలు ఎదురు కట్టినట్టే.

మరి వీడియోల్లో ఎందుకలా చెప్తారంటే 2023 అక్టోబర్ ముందు దాకా ఇదే ఏడు రోజుల పాస్ 29,650 ఉండేది. అప్పుడు క్యోటో వెళ్ళొస్తేనే దాదాపు గిట్టుబాటయ్యేది, హిరోషిమా కూడా కలిపితే బోలెడు మిగిలేది. రేటు ఒక్కసారిగా పెంచాక ఆ లెక్కలన్నీ తల్లకిందులయ్యాయి కానీ పాత వీడియోలు అలాగే తిరుగుతున్నాయి. ఎవరు చెప్పినా ముందు ఆ వీడియో తేదీ చూడండి.

ఇంకోటి, డబ్బుల కంటే ఇది ముఖ్యం. పాస్ మీద నొజొమి ఎక్కాలంటే మళ్ళీ విడిగా కట్టాలి, టోక్యో నుంచి క్యోటోకి 4,960. అది కట్టకపోతే హికరి అనే ఇంకో బుల్లెట్ రైలు ఎక్కాలి. నొజొమిలు రద్దీ వేళ గంటకి పదికి పైనే ఉంటాయి, హికరి గంటకి రెండే. హిరోషిమాకైతే హికరితో నేరుగా అవ్వదు, షిన్-ఓసాకాలోనో షిన్-కోబెలోనో దిగి సకురా అనే ఇంకో బండి ఎక్కాలి. మా అత్తగారు మావగారు వచ్చినప్పుడు వాళ్ళకి పాస్ కొన్నా (అప్పటికింకా పాత రేటే), నేను మామూలు టికెట్. సీట్లు వాళ్ళవి ఒకచోట నావి ఒకచోట బుక్ చేశా, వాళ్ళు 7వ పెట్టె, నేను 12. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పక్కనున్నవాళ్ళని ఏదైనా అడగాలన్నా భాష రాదు, రెండున్నర గంటల్లో నేను ఆ పెట్టెల మధ్య ఎన్నిసార్లు నడిచానో. బాత్రూమ్ తలుపు బటన్ నొక్కితే తెరుచుకుంటుందని ఆవిడకి తెలీదు, నేను వెళ్ళేసరికి తలుపు ముందు నిలబడే ఉన్నారు. ఆవిడ ఏమీ అనలేదు, నాకే ఇప్పటికీ మనసులో ఉంది.

అందుకని నా మాట వినండి, ముగ్గురూ ఒకే టికెట్ మీద వెళ్ళండి. స్మార్ట్ ఈఎక్స్ యాప్‌లో మీ కార్డుతో ముగ్గురికీ ఒకే బుకింగ్ చేయొచ్చు, ఆరుగురి దాకా ఇస్తుంది, సీట్లు మ్యాప్‌లో చూసి పక్కపక్కన ఎంచుకోవచ్చు. అమ్మానాన్నకి క్యూఆర్ టికెట్ తీసుకోండి, గేటు దగ్గర చూపిస్తే చాలు. ప్రయాణం నెల ముందు పొద్దున 10కి సీట్లు తెరుస్తారు. హయాతొకు అని ముందుగా కొంటే తగ్గింపు టికెట్లుంటాయి, కానీ అవి సీట్లు పరిమితం, మార్చుకోవాలన్నా కుదరడం కష్టం, గోల్డెన్ వీక్, ఒబొన్, కొత్త సంవత్సరం లాంటి పెద్ద సెలవు రోజుల్లో అసలు ఉండవు. పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి మామూలు టికెట్టే మేలంటాను, బండి కదిలేలోపు ఎన్నిసార్లయినా టైమ్ మార్చుకోవచ్చు. ఆ రోజు అమ్మకి ఒంట్లో బాలేకపోతే మధ్యాహ్నం బండికి మార్చేస్తారు, అంతే.

---

నాంబా_స్టూడెంట్ రాశారు:

గోదారి గట్టు అక్క చెప్పింది కరెక్ట్. నేను ఓసాకాలో మాస్టర్స్ చేస్తున్నా, ఓసాకా, క్యోటో ఉండే కాన్సాయ్ వైపు నుంచి ఒక మాట కలుపుతా. టెంపరరీ విజిటర్ వాళ్ళకి పెద్ద పాస్ ఒక్కటే కాదు, కాన్సాయ్-హిరోషిమా ఏరియా పాస్ అని ఇంకోటుంది, వరుసగా ఐదు రోజులు, 17,000 యెన్. షిన్-ఓసాకా నుంచి హిరోషిమా దాకా షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు), క్యోటో, నారా, హిమెజి అన్నిటికీ జేఆర్ లోకల్ బండ్లు, హిరోషిమా దగ్గరి మియాజిమా ద్వీపానికి వెళ్ళే జేఆర్ ఫెర్రీ కూడా అందులోనే. అన్నా, మీరు చెప్పిన ప్లాన్‌కి మాత్రం ఇది కలిసిరాదు, ఎందుకంటే హిరోషిమా నుంచి ఒకే టికెట్ మీద టోక్యో వెళ్ళిపోతున్నారు కదా, దాన్ని షిన్-ఓసాకాలో విడగొడితే అక్కణ్ణించి టోక్యోకి మళ్ళీ 14,720 కట్టాలి, 14,170, 17,000, 14,720 కూడితే 45,890, అంటే విడి టికెట్లంతే. కానీ తిరిగొచ్చేటప్పుడు ఓసాకాలో ఒకట్రెండు రోజులాగి నారా, హిమెజి కోట కూడా చూపిస్తానంటే అప్పుడిది బాగా ఉపయోగం. ఇది కూడా మీకు రాదు, వాళ్ళకే, కాబట్టి అక్క చెప్పిన సీట్ల సమస్య ఇక్కడా ఉంటుంది.

మియాజిమా మాత్రం మిస్సవకండి. హిరోషిమా స్టేషన్ నుంచి మియాజిమాగుచికి జేఆర్ లోకల్ 420 యెన్, అరగంట లోపే, ఫెర్రీ 200, పది నిమిషాలు, ఆపైన ద్వీపంలో అడుగుపెట్టడానికి 100 యెన్ పన్ను. పాస్ ఉన్నా ఆ 100 విడిగా కట్టాలి.

ఇక మనలాంటి వాళ్ళకి, అంటే జైర్యూ కార్డ్ ఉన్నవాళ్ళకి, ఉన్నది సెయ్‌షున్ 18 టికెట్. పేరులో 18 ఉన్నా వయసుతో పని లేదు, ఎవరైనా కొనొచ్చు, జపాన్ వాళ్ళైనా మనమైనా. దేశమంతా జేఆర్ లోకల్, రాపిడ్ బండ్లు ఎక్కొచ్చు, షింకాన్‌సెన్ లేదు. ఏడాదికి మూడు సార్లే, స్కూలు సెలవుల టైమ్‌లో అమ్ముతారు. ముందు ఇది ఐదు స్టాంపులుండే కాగితం, ఇష్టమొచ్చిన రోజున వాడుకోవచ్చు, నలుగురైదుగురు కలిసి ఒకే రోజు కూడా కొట్టించుకోవచ్చు. 2024 చలికాలం నుంచి మార్చేశారు, వరుసగా 3 రోజులది 10,000, 5 రోజులది 12,050, ఒక్కరికే. స్నేహితులతో పంచుకునే వీలు పోయింది, మాలాంటి స్టూడెంట్లకి అదే పెద్ద దెబ్బ. లాభం ఏంటంటే ఇప్పుడు ఆటోమేటిక్ గేట్లోంచే వెళ్ళిపోవచ్చు, ప్రతిసారీ స్టేషన్ మనిషి దగ్గర ఆగక్కర్లేదు.

నేను పోయిన మార్చ్‌లో దాంతో టోక్యో నుంచి ఓసాకా వచ్చా, తొమ్మిది గంటలు పైనే పట్టింది. అతామిలో బండి మారేటప్పుడు తలుపు తెరవగానే బ్యాగులతో అందరూ పరుగే, ఎందుకంటే తర్వాత బండికి పెట్టెలు తక్కువ. అక్కణ్ణించి షిజుఒకా జిల్లా మొత్తం అన్ని స్టేషన్లలో ఆగుతూ పోతుంది, చాలా బండ్లలో గోడ పొడవునా బెంచీ సీట్లే, నడుం పట్టేస్తుంది. తొయొహాషి దాటాక రాపిడ్ దొరికి ప్రాణం లేచొచ్చింది. అమ్మానాన్నతో మాత్రం వద్దన్నా, మీరొక్కరే వెళ్ళేటప్పుడు చూడండి.

స్టూడెంట్లు ఎవరైనా చదువుతుంటే గకువారి, అంటే విద్యార్థుల తగ్గింపు, గుర్తుపెట్టుకోండి. ఒకవైపు దూరం 100 కిలోమీటర్లు దాటితే జేఆర్ బేస్ ఫేర్‌లో 20 శాతం తగ్గుతుంది, కాలేజీలో సర్టిఫికెట్ ఇస్తారు. షింకాన్‌సెన్ స్పీడ్ ఛార్జీ మీద తగ్గదు, టోక్యో-ఓసాకా బేస్ 8,910 కాబట్టి పదిహేడు వందల పైన మిగులుతుంది. జేఆర్ వాళ్ళ జాబితాలో మన కాలేజీ ఉంటే చాలు, విదేశీ విద్యార్థులకీ ఇస్తారు.

---

తోజాయ్_లైన్_వాసి:

అక్కా, తమ్ముడూ, ఇద్దరికీ చాలా థాంక్స్. కాగితం మీద లెక్కేసి చూశా, మీరు చెప్పినట్టే వచ్చింది. పాస్ ఆలోచన మానేశా. అక్క రాసిన బాత్రూమ్ తలుపు సంగతి చదివాక ఇంక డబ్బులు మిగిలినా వేరే పెట్టెలో కూర్చోబెట్టను.

ఇంకో డౌట్, టోక్యో చుట్టుపక్కల నిక్కో, కరుయిజావా లాంటివి కూడా చూపిద్దామని ఉంది. వాటికి నాకు కూడా పనికొచ్చే పాస్ ఏదైనా ఉందా? అలాగే రోజువారీ తిరగడానికి అమ్మానాన్నకి సుయికా (డబ్బులేసుకుని గేటు దగ్గర ట్యాప్ చేసే కార్డు) తీసుకోవాలా, టూరిస్టుల కోసం ఇచ్చే వెల్కమ్ సుయికా తీసుకోవాలా? ఆఫీసు పాస్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

---

కవాసాకి_ప్లాట్‌ఫామ్ రాశారు:

ఆఫీస్ పాస్, సుయికా రెండూ నేను చెప్తానండి, ఎనిమిదేళ్ళుగా రోజూ ఇదే పని.

తేకి, అంటే కమ్యూటర్ పాస్, ఆరు నెలలది తీసుకోండి. మీ దారి మొత్తం తోజాయ్ లైనే కాబట్టి మెట్రో తేకి, అది పాస్మో అనే, సుయికా లాంటి కార్డు మీద వస్తుంది. సుయికా మీద తేకి కావాలంటే మధ్యలో జేఆర్ లాంటి ముక్క ఉండాలి, మీకు లేదు. మెట్రోలో మూడు నెలలదానికి 5 శాతం, ఆరు నెలలదానికి 10 శాతం తగ్గుతుంది, అందుకే చాలా కంపెనీలు ఆరు నెలల రేటు ప్రకారమే ఇస్తాయి, మీరు నెల నెలా కొంటుంటే ఆ తేడా మీ జేబులోంచి పోతున్నట్టు. మధ్యలో ఇల్లు మారితే డబ్బులన్నీ పోవు. వాడిన నెలలకి మామూలు రేటు పట్టుకుని, 220 యెన్ ఫీజు తీసుకుని మిగతాది ఇచ్చేస్తారు. కాకపోతే నెల మొదలై ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క. అందుకని ఇల్లు మారాలనుకుంటే పాస్ మీద తేదీ చూసుకుని, ఆ తేదీ దాటకముందే వెళ్ళి రద్దు చేయించుకోండి. నేను ఒకసారి రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళి నెల పోగొట్టుకున్నా.

పాస్ ఉన్న దారిలో మధ్యలో ఎక్కడైనా దిగొచ్చు, సెలవు రోజు కూడా. మీకు మొంజెన్-నకచో, నిహోంబాషి అన్నీ ఫ్రీ అన్నట్టు. ఏప్రిల్ మొదట్లో అమ్మానాన్నని మొంజెన్-నకచో కాలవ పక్కన చెర్రీ పూలకి తీసుకెళ్ళండి, మీకు పైసా ఖర్చు లేదు, వాళ్ళకే టికెట్. పొద్దున ఎనిమిది దగ్గర మాత్రం వాళ్ళని ఆ లైన్ ఎక్కించకండి, కిబా, మొంజెన్-నకచో మధ్య ఊపిరాడదు, మీకు తెలిసిందే.

వాళ్ళకి మామూలు సుయికానో పాస్మోనో తీసుకోండి. వెల్కమ్ సుయికా 28 రోజులే పనిచేస్తుంది, మిగిలిన డబ్బు వెనక్కి రాదు, వాళ్ళు రెండు నెలలుంటారు కదా. మామూలుదానికి 500 డిపాజిట్ ఉన్నా వెళ్ళేటప్పుడు తిరిగిచ్చేస్తారు, లేదా మళ్ళీసారి వచ్చినప్పటికి దాచుకోవచ్చు, పదేళ్ళు వాడకపోతేనే పోతుంది.

ఒక జాగ్రత్త. సుయికా దేశంలో చాలా చోట్ల పనిచేస్తుంది కానీ ఒక ఏరియాలో ట్యాప్ చేసి ఇంకో ఏరియాలో దిగడానికి పనిచేయదు. నేను కవాసాకిలో ట్యాప్ చేసి లోకల్ బండ్లు మారుతూ షిజుఒకా వెళ్ళా, స్నేహితుడి ఇంటికి. అతామితో టోక్యో ఏరియా అయిపోతుంది, అది నాకు తెలీదు. షిజుఒకాలో గేటు ఎర్రలైటు వేసి మూసుకుంది. అక్కడున్నాయన మర్యాదగానే మొత్తం ఛార్జీ నగదు కట్టించుకుని చిన్న కాగితం ఇచ్చి, ఇది టోక్యో వైపు స్టేషన్‌లో చూపించి కార్డులో ఎంట్రీ తీయించుకోండి అన్నారు. అది తీయించే దాకా కార్డు ఎక్కడా పనిచేయలేదు, ఆ రెండు రోజులూ బస్సుకి కూడా చిల్లర ఏరుకున్నా. పెద్దవాళ్ళు పొరపాటున నిద్రపోయి ముందుకెళ్ళిపోతే ఇలా ఇరుక్కుంటారు, కాబట్టి దూరం వెళ్ళేటప్పుడు కాగితం టికెట్ తీసిపెట్టండి.

---

గోదారి_గట్టు:

నిక్కో, కరుయిజావాకి జేఆర్ టోక్యో వైడ్ పాస్ చూడండి. దీనికి విదేశీ పాస్‌పోర్ట్ ఉంటే చాలు, జైర్యూ కార్డ్ ఉన్నా ఇస్తారు. ముగ్గురూ ఒకే పాస్ మీద వెళ్ళొచ్చు, అదే నాకు నచ్చేది. వరుసగా 3 రోజులు, 15,000. కరుయిజావాకి షింకాన్‌సెన్ ఒకవైపే ఆరు వేల దాకా ఉంటుంది, రానూపోనూ ఒక్క రోజుకే పన్నెండు వేలు, మర్నాడు నిక్కో, మూడో రోజు ఫుజి కొండ దగ్గరి కవాగుచికో వెళ్తే సుళువుగా గిట్టుబాటు. వరుసగా మూడు రోజులు తిరగగలరా అన్నదే చూసుకోండి, మావగారు రెండో రోజు సాయంత్రానికే రేపు ఇంట్లో ఉంటానన్నారు. అలా ఒక్క రోజు మానేస్తే లాభం బాగా తగ్గిపోతుంది. జైర్యూ కార్డ్ ఒక్కటే పట్టుకెళ్తే ఇవ్వరు, పాస్‌పోర్టే చూపించాలి. టొకాయ్‌డో షింకాన్‌సెన్ (టోక్యో-ఓసాకా బుల్లెట్ రైలు లైను) ఇందులో లేదు, క్యోటోకి వాడదామని అనుకోవద్దు.

పెద్ద సూట్‌కేసులు తీసుకెళ్తుంటే పొడవు వెడల్పు ఎత్తు మూడూ కలిపి 160 సెంటీమీటర్లు దాటితే టొకాయ్‌డో షింకాన్‌సెన్‌లో వెనకాల లగేజీ చోటున్న సీట్లే బుక్ చేయాలి, డబ్బులు లేవు, కానీ చేయకుండా ఎక్కితే 1,000 కట్టించుకుంటారు. రెండు నెలల సామాను టోక్యోలోనే పెట్టి ఒక చిన్న బ్యాగుతో వెళ్ళండి. బండిలో తోపుడుబండి మీద తినేవి అమ్మడం 2023 అక్టోబర్ ఆఖరుతో ఆపేశారు, అమ్మ ఏదైనా చేసిస్తే కట్టుకెళ్ళండి.

---

తోజాయ్_లైన్_వాసి:

ఇవాళ పొద్దున 10 గంటలకి యాప్ తెరుచుకుని కూర్చుని బుక్ చేసేశానండి. టోక్యో-క్యోటో నొజొమి, ముగ్గురం ఒకే వరుస. అమ్మకి ఇ సీటు, కిటికీ పక్క, క్యోటో వైపు వెళ్ళేటప్పుడు ఫుజి కొండ అటే కనిపిస్తుందట. నాన్నకి డి. నేను దారికి ఇవతల సి. తిరుగు ప్రయాణం హిరోషిమా నుంచి ఒకే బండి, ఎక్కడా దిగక్కర్లేదు. వైడ్ పాస్ మాత్రం వాళ్ళొచ్చాక నాన్న ఓపిక చూసి తీసుకుంటా. ఆరు నెలల తేకికి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టా.

నాన్నకి ఫోన్ చేసి హిరోషిమా టికెట్లు అయ్యాయి అని చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, మన స్కూల్ వాళ్ళ కోసం అక్కడ మ్యూజియంలో ఫొటోలు తీసుకోనిస్తారా అనడిగారు. ఎవరైనా ఈమధ్య వెళ్ళినవాళ్ళుంటే అది కూడా చెప్పండి.